పాళ్లు కుదిరిన అయస్కాంతం

చెమటకాయలకు పూసుకునే కాలమిన్ లోషన్‌లోని తెల్లపొడి జింక్ ఆక్సైడ్. అయస్కాంతంతో దానికి చుట్టరికం లేదు. 2021లో అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు ఆ చుట్టరికం కలిపారు. గ్రాఫీన్ ఆక్సైడ్, జింక్, కోబాల్ట్ కలిపిన ద్రావణాన్ని మామూలు ల్యాబ్ ఓవెన్‌లో కొన్ని గంటలు ఉంచి, తర్వాత గ్రాఫీన్‌ను కాల్చేస్తే కోబాల్ట్ కలిసిన జింక్ ఆక్సైడ్ ఒక్క పరమాణువు మందపు పొరగా మిగిలింది. కిటుకంతా కోబాల్ట్ పాళ్లలోనే ఉంది. ఐదారు శాతమైతే అయస్కాంతత్వం అంతంతమాత్రం. 12 శాతం దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. 15 దాటితే స్పిన్‌లు (ఎలక్ట్రాన్లను బుల్లి అయస్కాంతాలుగా మార్చే గుణం) తమలో తామే పేచీ పడతాయి. పప్పులో ఉప్పు లెక్కే!

2017లో వెలుగు చూసిన మరో పలుచని అయస్కాంతం, క్రోమియం అయొడైడ్ పొర, మైనస్ 228 డిగ్రీల చలిలో తప్ప అయస్కాంతంగా నిలవలేదు. బర్క్‌లీ పొర 100 డిగ్రీల వేడిలోనూ నిలిచింది. ఎలక్ట్రాన్ ఆవేశానికి బదులు దాని స్పిన్‌తో సమాచారాన్ని దాచే స్పింట్రానిక్స్‌కు కావలసింది ఇదే. కరెంటు పోయినా ఆ జ్ఞాపకం చెరగదు. అయితే రేపే ఫోన్లలోకి వచ్చేస్తుందని రాసేవారు (మా వృత్తిలో వారికి కొదవ లేదు) కాస్త ఆగాలి. ఓవెన్‌లో పొర తీయడం ఒక ఎత్తు. లోపం లేకుండా చిప్ నిండా పరచి, చవగ్గా అమ్మడం మరో ఎత్తు.