మన శరీరం: నడుమును నిలిపే తాళ్ళు

పిల్లలూ! మీలో ఎవరైనా భువనగిరి కోట ఎక్కారా? కొండంతా ఒకే బండ. ఎక్కేటప్పుడు ఒళ్ళు ముందుకు వంగుతుంది, దిగేటప్పుడు దానంతటదే వెనక్కు వాలుతుంది. అలా వాలమని మీరు చెప్పలేదు గదా! మరి ఎవరు చెప్పారు?

ఒక చిన్న పరీక్ష చెయ్యండి. నిటారుగా నిలబడి, ఎడమచేతి వేళ్ళను నడుము వెనక, వెన్నెముక ప్రక్కన ఆనించండి. కుడిచేత్తో లావుపాటి పుస్తకం పట్టుకుని, చెయ్యి ముందుకు చాపండి. వేళ్ళ కింద కండ గట్టిపడింది, తెలిసిందా? అది గట్టిపడకపోతే మీరు పుస్తకం వైపు ఒరిగేవారే.

నడుములో 5 ఎముకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. గుడారపు గుంజను తాళ్ళు నిలబెట్టినట్టు, వాటిని కండలు నిలబెడతాయి. ఒళ్ళు కాస్త ఒరిగితే ఆ కబురు మెదడుకు చేరవేసేదీ, ఆజ్ఞ రాగానే బిగిసేదీ కూడా ఈ కండలే.

భువనగిరి జిల్లాలోనే పోచంపల్లి ఉన్నది. అక్కడ నేతగాళ్ళు గుంటలో కాళ్ళు పెట్టి, మగ్గం ముందు గంటల తరబడి వంగి కూర్చుంటారు. చీర అందం అందరూ చూస్తారు, నేసినవాడి నడుము సంగతి అడిగేవారు తక్కువ. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది, కనుక నొప్పి పుట్టినా లేవరు. నొప్పి మూడు నెలలు దాటిందంటే అది దీర్ఘకాలపు నొప్పి. అటువంటి వారిలో చాలామందికి వెన్నెముకను అంటిపెట్టుకుని ఉండే లోపలి కండలు సన్నగిల్లుతాయి. ఆజ్ఞ వచ్చినా ఆలస్యంగా బిగుస్తాయి. అందుకే కళ్ళు మూసుకుని నిలబడితే వాళ్ళు మనకన్న ఎక్కువగా ఊగుతారు.

"మంచం దిగకుండా ఉంటే అదే పోతుంది," అని పెద్దలు అంటూంటారు. ఒకప్పుడు వైద్యులూ అదే చెప్పేవారు లెండి. కాని పడుకున్నకొద్దీ కండలు మరింత నీరసిస్తాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ నొప్పికి సూచించిన చికిత్సలలో వ్యాయామం కూడా ఉన్నది.

ఒక వ్యాయామం ఇలా ఉంటుంది: చేతులూ, మోకాళ్ళూ నేలకు ఆనించి బల్లలాగా ఉండాలి. కుడిచేతిని ముందుకూ, ఎడమకాలిని వెనక్కూ మెల్లగా చాచి, 5 అంకెలు లెక్కపెట్టి దించాలి. తరువాత రెండోవైపు. పిల్లల ఆటలాగా కనిపిస్తుంది గాని, నడుము ఊగకుండా చెయ్యటం ఎంత కష్టమో చేసి చూడండి! ఫలానా వ్యాయామమే అన్నిటికన్న గొప్పదని ఇంతవరకు తేలలేదు. వారాల తరబడి మానకుండా చేస్తేనే గుణం కనిపిస్తుంది. కాళ్ళు మొద్దుబారుతున్నా, వాటిలో బలం తగ్గుతున్నా మాత్రం ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

డాక్టరు చెప్పగా మీ తాతగారు ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకుంటూంటే నవ్వకండి. ఆయనను గోడ ప్రక్కన నిలబెట్టి, చెయ్యి అందేంత దూరంలో మీరుండి, అంకెలు మీరే లెక్కపెట్టండి.