నేర్పిన మైదానానికి దక్కవలసిన వాటా

మొదటి షిఫ్టు ముగించుకొని పెద్దలు ఇండ్లకు చేరే వేళకు మన భిలాయి సెక్టార్ల మైదానాలలో పిల్లలు బంతి వెంట పరుగులు తీస్తూ ఉండడం పాఠకులకు నిత్యపరిచయమైన దృశ్యమే. ఇటీవల ఒక మిత్రులు కాగితాల కట్టతో మా వద్దకు వచ్చారు. వారి కుమారుని ఆట చూసి వేరొక నగరపు ఫుట్‌బాల్ క్లబ్బు కాంట్రాక్టు పంపింది. "ఏమండీ, దీనిపై సంతకం చేయవచ్చునా?" అని వారు అడిగారు. ఆ ప్రశ్నయే ఈ మాసపు మా శీర్షికకు విషయమైంది.

ఆటగాడు ఊరు విడిచి వెళ్ళడం తెలుగువారికి కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచింది. అట్టి నేల నుండి తులసీదాస్ బలరాం గారు 1957లోను, మహమ్మద్ హబీబ్ గారు 1966లోను కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు తరలిపోయారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు శిక్షకులు రహీం గారే. బలరాం గారు అందులో ఆడారు. దేశానికి కీర్తి దక్కింది. ఓనమాలు దిద్దించిన మైదానాలకు మిగిలినది మాత్రం గర్వమొక్కటే. అది అమెచ్యూర్ల కాలం. నేర్పినవారికి వాటా అన్న ఊహకే అప్పుడు తావు లేదు.

నేడు పద్ధతి వేరు. గడువు తీరని కాంట్రాక్టు ఉన్న ఆటగాడు కావాలంటే కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు రుసుము చెల్లించాలి. గడువు ముగిస్తే రుసుము లేదు. బెల్జియం ఆటగాడు బోస్మన్ వ్యాజ్యంలో 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఈ మార్పునకు మూలం. అందువలననే గడువు దగ్గరపడిన కొద్దీ ఆటగాని ధర పడిపోతుంది.

ఇక సెల్-ఆన్ ఫీజు. కుర్రవానిని చౌకగా పంపే క్లబ్బు, "మీరు ఇతనిని మరల అమ్మినప్పుడు మాకింత శాతం" అని ముందే వ్రాయించుకొంటుంది. రహీం స్టెర్లింగ్ 15 ఏళ్ల వయసులో, 2010లో, క్వీన్స్ పార్క్ రేంజర్స్ నుండి లివర్‌పూల్ చేరాడు. 2015లో లివర్‌పూల్ అతనిని మాంచెస్టర్ సిటీకి పంపినప్పుడు తొలి క్లబ్బుకు పెద్ద మొత్తమే ముట్టింది. ఇక్కడ ఒక్క పదం ఎంత పని చేస్తుందో చూడండి. 40 లక్షలకు పంపిన ఆటగాడు తరువాత కోటి రూపాయలకు పోయినాడనుకొందాం. వాటా 20 శాతం. అది "మొత్తంపై" అయితే 20 లక్షలు. "లాభంపై" అయితే 12 లక్షలు. పదం మారితే 8 లక్షలు మాయం!

కాంట్రాక్టులో వ్రాయకపోయినా దక్కే వాటా ఒకటి ఉన్నది. ఆటగాడు ఒక దేశం నుండి మరొక దేశానికి రుసుముపై మారితే, అందులో 5 శాతం అతనికి 12 నుండి 23 ఏళ్ల వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. 15 ఏళ్ల వరకు ఏడాదికి 0.25 శాతం, ఆపైన 0.5 శాతం. అనగా నాలుగేళ్లు బాలునికి నేర్పిన చిన్న క్లబ్బుకు కోటి రూపాయల రుసుములో లక్ష రావాలి. కాని దేశంలోపలే జరిగే మార్పునకు మన క్లబ్బుకు ఈ నియమం ఆసరా కాదు. అక్కడ మన సమాఖ్య నిబంధనలు, చేతనున్న వ్రాతకోతలే దిక్కు. పైగా 2015 మే నుండి ఆటగాని రుసుములో వ్యక్తులకు, దళారులకు వాటా నిషిద్ధం. ఎంత శ్రమించిన గురువైనా నమోదైన క్లబ్బు లేనిదే రిక్తహస్తుడే.

మన మిల్లులో తయారైన రెయిలుపై హీట్ నంబరు ఉంటుంది. అది దేశంలో ఎక్కడ పరచబడినా ఏ కొలిమిలో కరిగిన ఉక్కో చెప్పవచ్చును. ఆటగానికీ అటువంటి పత్రమే ఉన్నది: 12వ ఏటి నుండి ఏ క్లబ్బులో ఎన్నాళ్లు నమోదై ఉన్నాడో తెలిపే పాస్‌పోర్టు. మన మైదానంలో గడిపిన నాలుగేళ్లు అందులో లేకపోతే, లెక్కకు ఆ ఏళ్లు లేనట్టే.

అయినను వ్రాత ఒక్కటే చాలదు. హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ విజేత. 2023-24లో ఆర్థిక సంకటంలో పడగా ఎందరో ఆటగాళ్లు సీజను నడుమనే వీడిపోయారు. రెండు నెలల జీతం బకాయి పడితే, 15 రోజుల గడువుతో నోటీసిచ్చి ఆటగాడు కాంట్రాక్టును రద్దు చేసుకొనవచ్చునని ఫిఫా నియమం. అట్లు వెళ్ళిన ఆటగానికి రుసుము ఉండదు. సున్నాలో 20 శాతం సున్నాయే కదా!

కనుక మా మిత్రులకు మేము చెప్పినది ఇది. 18 ఏళ్లు నిండని బాలునితో మూడేళ్లకు మించిన కాంట్రాక్టు ఫిఫా నియమాలకు విరుద్ధం, గడువు చూడండి. జీతం తేదీ, గాయపడితే వైద్యవ్యయం, ఎంత చెల్లిస్తే విడుదల అన్నవి అంకెలలో ఉన్నవా చూడండి. అన్నిటికన్న ముందు, ఇన్నేళ్లు నేర్పిన క్లబ్బులో బాలుని పేరు సక్రమంగా నమోదైనదా విచారించండి.

వారి కాగితాలలో గడువు ఐదేళ్లని ఉన్నది. సంతకం చేయక, సవరించి పంపుమని వ్రాశారు. జవాబు ఇంకా రాలేదు. బాలుడు మాత్రం నేటి సాయంకాలమూ మన మైదానంలోనే ఉన్నాడు.