పళ్ల లెక్క తప్పితే మోటారు మాడుతుంది



అంబత్తూరు పారిశ్రామికవాడ చుట్టుపక్కల పెరిగే మన పిల్లలకు లేత్ చప్పుడు కొత్త కాదు. అయినా రేడియో కారుకు బ్రష్‌లెస్ మోటారు కొనేటప్పుడు డబ్బా మీది పెద్ద అంకెనే చూస్తారు. నా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు పండుగలకు పెద్దలిచ్చిన డబ్బును ఏడాదిపాటు కూడబెట్టి ఒక మోటారు కొన్నాడు. రెండు ఆదివారాలకే అది మాడిపోయింది. వేగం కోసం 13 పళ్ల పినియన్ తీసి 19 పళ్లది బిగించుకోమని దుకాణంవారు చెప్పారట.

ఆ పెద్ద అంకె పేరు కేవీ. కిలోవోల్టు అని భ్రమపడవద్దు. భారం లేనప్పుడు ఒక్క వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లో తెలిపే సంఖ్య అది. 3300 కేవీ మోటారుకు రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ, అనగా 7.4 వోల్టులు ఇస్తే 24,420 చుట్లు. మూడు సెల్లులైతే 36,630. అంకె పెరిగితే బలం పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఒకే పరిమాణం గల మోటార్లలో కేవీ పెరిగేకొద్దీ ఆంపియరుకు లభించే తిప్పుడు బలం తగ్గుతుంది, స్పీడ్ కంట్రోలర్ మీద భారం పెరుగుతుంది. కనుక బరువైన బండికి తక్కువ కేవీయే మేలని నా అభిప్రాయం.

ఇక పళ్ల సంగతి. ఆ కారులో పెద్ద చక్రానికి 54 పళ్లు, లోపలి గేర్ల నిష్పత్తి 2.6. 13 పళ్ల పినియన్‌తో మోటారు 10.8 చుట్లు తిరిగితే బండి చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 19 పళ్లతో 7.4 చుట్లే చాలు. వేగం వచ్చింది, నిజమే. కానీ బండిని అదే బలంతో నెట్టడానికి మోటారు ఇప్పుడు 1.46 రెట్ల కరెంటు తీసుకోవాలి. తీగచుట్టలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే రెట్టింపుకు మించిన వేడి! ఈ పిల్లవాడు అనులోమ, విలోమానుపాతాల లెక్కలలో నూటికి తొంభై తెచ్చుకున్నవాడే. ఆ పాఠానికీ తన కారుకూ సంబంధముందని ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే నేనే.

మోటారు పైతొడుగు 80 డిగ్రీలకు చేరకముందే ఆపడం క్షేమం. అంతకు మించిన వేడికి తీగ పూత చెడుతుంది, అయస్కాంతాలు శాశ్వతంగా బలహీనపడవచ్చు. మే నెల ఎండలో మన ఊళ్లో గాలే 40 డిగ్రీలుంటే మిగిలేది 40 డిగ్రీల వెసులుబాటు మాత్రమే. డిసెంబరులో నప్పిన పినియన్ మేలో నప్పదు. ఒకటి రెండు పళ్లు తగ్గించాలి.

ఇసుకలో మెల్లగా నడపదలచినవారు సెన్సారున్న మోటారు తీసుకోండి, కదలేటప్పుడు తడబడదు. చదునైన మైదానంలో పరుగెత్తించేవారికి ఆ ఖర్చు అనవసరం.

మా వాడు మళ్లీ డబ్బు కూడబెట్టి ఈసారి తక్కువ కేవీ మోటారు కొన్నాడు. 13 పళ్లతో మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలు నడిపి, ఆపి, ఉష్ణమాపకం పెట్టి చూస్తే 61 డిగ్రీలు. "ఇంకో పన్ను పెంచవచ్చా సార్?" అని అడిగాడు. ముందు నోటుపుస్తకంలో లెక్క కట్టి చూపించమన్నాను.