సలహా కూడా అమానతే

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజులకు మన వీధుల్లోని ఇంటర్నెట్ కేంద్రాల ముందు కనిపించే దృశ్యం పాఠకులకు సుపరిచితమే. మార్కుల మెమో, ఆధార్ కార్డు, కులం, ఆదాయం ధృవీకరణ పత్రాలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తండ్రులు వరుసలో నిలబడి ఉంటారు. కంప్యూటరు ముందున్న కుర్రవాడు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే ఏ గ్రూపు పెట్టమంటారని అడుగుతాడు. తండ్రి కాసేపు తటపటాయించి, అందరూ ఏది పెడుతున్నారో అదే పెట్టమంటాడు. మూడేళ్ల చదువు మూడు నిమిషాల్లో నిర్ణయమైపోతుంది. ఆ చదువు చదవవలసిన అమ్మాయి మాత్రం ఆ సమయంలో ఇంట్లో ఉంటుంది.

ఆ తండ్రిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నాలుగేళ్ల క్రితం మా మొహల్లాలోని ఒక సోదరుడు జుమా నమాజు తరువాత మస్జిదు మెట్ల మీద నన్ను ఆపాడు. కుమార్తె బైపీసీలో మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైందని, డిగ్రీలో ఏం చేర్చమంటారని అడిగాడు. నేను చెప్పులు వేసుకుంటూనే, "బీకాం కంప్యూటర్స్ చేర్చండి భాయ్, ఈ రోజుల్లో దానికే గిరాకీ" అన్నాను. అమ్మాయికి ఏది ఇష్టమో అడగలేదు. డిగ్రీ తరువాత ఏం చేయాలనుకుంటున్నదో అడగలేదు. ఆయన నాకు ధన్యవాదాలు చెప్పి వెళ్లిపోయాడు.

నిరుడు ఆ అమ్మాయి తల్లితో కలిసి మా ఇంటికి వచ్చింది. బీఎడ్ చేసి బడిలో జీవశాస్త్రం బోధించాలన్నది ఆమె చిన్ననాటి కోరిక అట. తీరా ఎడ్‌సెట్‌కు దరఖాస్తు చేయబోతే, జీవశాస్త్రం మెథడాలజీ తీసుకోవడానికి డిగ్రీలో వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో చదివి ఉండాలని తెలిసింది. "చాచా, బీకాం చదివినవాళ్లకు దారి ఏదైనా ఉందా?" అని అడిగింది. మళ్లీ మొదటి నుంచి బీఎస్సీ చదవడం తప్ప వేరే దారి నాకు తోచలేదు. ఆ సలహా నాదేనన్న సంగతి ఆమెకు తెలియదు. తండ్రి చెప్పలేదు కాబోలు. నేనే చెప్పాను. ఆమె తలవంచుకుని, "పర్వాలేదు చాచా" అంది. ఆ మాట కంటే నిందించి ఉంటేనే నాకు తేలికగా ఉండేది.

సలహా కోరబడిన వ్యక్తి అమానత్‌దారుడని దైవప్రవక్త (స) బోధించారు. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉన్న ఈ హదీసును నేను ఎన్నోసార్లు విన్నాను, ఒకటి రెండుసార్లు ఇతరులకు వినిపించాను కూడా. ఒకరు తమ సొమ్ము మన వద్ద దాచుకుంటే లెక్కపెట్టి తీసుకుంటాం, భద్రంగా దాస్తాం. ఒక బిడ్డ భవిష్యత్తును మన చేతిలో పెట్టి అడిగినప్పుడు మాత్రం నోటికి వచ్చింది చెప్పి పంపుతాం. తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలిసినవారి వద్దకు పంపి ఉంటే ఆ రోజు నా బాధ్యత తీరి ఉండేది.

మన పూర్వికులు ఈ విషయంలో తొందరపడలేదు. కూఫా నగరంలో వస్త్ర వ్యాపారం చేసుకుంటున్న యువకుడైన అబూహనీఫాలోని చురుకుదనాన్ని గమనించి, విద్వాంసుల సాంగత్యం చేయమని సలహా ఇచ్చినవారు ఇమామ్ షాబీ. ఆ యువకుడు కూడా విన్న వెంటనే ఏదో ఒక శాస్త్రంలో చేరిపోలేదు. ఏ విద్య ఎక్కడికి చేరుస్తుందో విచారించి, ఆలోచించి, చివరకు ఫిఖ్‌హ్‌ను ఎంచుకున్నారు. గురువుగా హమ్మాద్‌ను ఎంచుకుని, ఆయన మరణించేవరకు దాదాపు 18 సంవత్సరాలు ఆయన వద్దనే ఉన్నారు. సుమారు 800 ఏళ్ల క్రితం ఇమామ్ జర్నూజీ విద్యార్థుల కోసం రాసిన 'తాలీముల్ ముతఅల్లిమ్' అనే చిన్న గ్రంథంలో ఒక ఆసక్తికరమైన ఉపదేశం ఉంది. చదువు కోసం బుఖారాకు వెళ్లే విద్యార్థి గురువును ఎంచుకోవడంలో తొందరపడకుండా రెండు నెలలు ఆగి పరిశీలించాలన్నది దాని సారాంశం. మధ్యలో గురువును విడిచిపోతే ఆ చదువులో శుభం ఉండదని ఆ పెద్దల భయం.

మన పిల్లలకు రెండు నెలల గడువు ఎవరూ ఇవ్వరు. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆన్‌లైన్ పద్ధతే ఉంది. అక్కడ 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల గ్రూపులకు బదులు ఒక సబ్జెక్టును మేజర్‌గా ఎంచుకునే విధానం వచ్చింది కనుక, ఆ ఒక్క ఎంపిక బరువు మరింత పెరిగింది. వెబ్ ఆప్షన్లకు ఇచ్చే రోజులు కొద్దే. కాబట్టి ఆ రెండు నెలలను మనమే ముందుగా సంపాదించుకోవాలి. పరీక్షలు ముగిసిన నాటి నుంచి ఫలితాలు వచ్చే వరకు ఉన్న ఖాళీ సమయం ఇందుకు సరిపోతుంది. చాలా ఇళ్లలో ఆ కాలం పెళ్లిళ్లలోనూ ఫోన్లలోనూ గడిచిపోతుంది, అది వేరే విషయం.

ఆప్షన్ల వరుస గురించి ఒక మాట చెప్పాలి. మొదట పెట్టిన ఆప్షన్ నుంచి మొదలుపెట్టి, మార్కులు, రిజర్వేషన్లను బట్టి ఎక్కడ సీటు ఉంటే అక్కడ కేటాయిస్తారు. అందువల్ల దొరకదేమోనన్న భయంతో ఇష్టమైన గ్రూపును కిందికి నెట్టడం అవివేకం. పైన పెట్టినంత మాత్రాన కిందివాటికి నష్టం కలగదు. చేరే ఉద్దేశం లేని కళాశాలను సంఖ్య కోసం చేర్చడం కూడా పొరపాటే. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. దోస్త్‌లో విడతలు ముగిశాక అదే కళాశాలలో గ్రూపు మార్చుకునే అవకాశం కూడా ఇస్తున్నారు. ఆ అమ్మాయికి ఈ సంగతి చెప్పినవారు లేరు. చేరిన మొదటి వారంలోనే ఆమె ఏడ్చిందట. అప్పుడైనా ఎవరైనా అడిగి ఉంటే గ్రూపు మారే వీలుండేదేమో.

మరొక విషయం. పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ పరాయివాళ్ల చేతిలో పెట్టి ఇంటికి రాకూడదు. రాయడం మరొకరు చేసినా, చివరి బటన్ నొక్కేటప్పుడు విద్యార్థి పక్కన ఉండాలి.

ఆడపిల్ల విషయంలో మనం దూరం చూస్తాం, బస్సు చూస్తాం, బంధువులు ఏమంటారో చూస్తాం. ఇవన్నీ చూడవలసినవే, కాదనను. కానీ ఆమె అభిప్రాయం ఈ జాబితాలో ఎక్కడుంది? హిజ్రీ 6వ ఏట హుదైబియా సంధి సందర్భంలో, సహాబాలు దుఃఖంతో కదలకుండా కూర్చున్నప్పుడు, దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) చెప్పిన సలహాను ఆచరించారు. సమస్య తీరింది. విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో సాగుతాయని దివ్య ఖుర్‌ఆన్ షూరా సూరా ప్రస్తావించింది. వ్యవహారం ఎవరిదో ఆ వ్యక్తినే వదిలేసి జరిపే సంప్రదింపును మష్వరా అని ఎలా అనగలం?

కొందరు ఇస్తిఖారా చేశాం కదా అంటారు. దైవప్రవక్త (స) దానిని ఖుర్‌ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా నేర్పారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. తప్పక చేయాలి. అయితే అది విచారణకు బదులు కాదు. సిలబస్ చూడకుండా, ఆ గ్రూపు చదివిన ఒక్కరితోనైనా మాట్లాడకుండా ఇస్తిఖారా మీద భారం వేయడం ఒంటెను కట్టకుండా వదిలేయడమే అవుతుంది.

ఈ ఏడు ఆ అమ్మాయి తమ్ముడు ఇంటర్ పూర్తి చేశాడు. తండ్రి మళ్లీ నా వద్దకే వచ్చినప్పుడు నాకు సిగ్గు వేసింది. అబ్బాయిని, అక్కను కూడా వెంటబెట్టుకుని రమ్మన్నాను. వాడు తన చేతితో రాసుకున్న పదకొండు ఆప్షన్ల కాగితం తెచ్చాడు. మొదటిది చరిత్ర, రాజనీతిశాస్త్రంతో బీఏ. నాకు నచ్చలేదు, తండ్రికి అసలే నచ్చలేదు. ఎందుకని అడిగాను. వాడు అరగంట మాట్లాడాడు. గ్రూప్స్ పరీక్షల సిలబస్ అప్పటికే చదివి ఉన్నాడు. అక్క మధ్యలో రెండు ప్రశ్నలు వేసింది, ఆ రెండూ నాకు తట్టనివే. మూడో ఆప్షన్, ఐదో ఆప్షన్ తారుమారు చేశాం. మొదటిదాన్ని ముట్టుకోలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు దూరవిద్యలో బీఎస్సీ చేరడానికి వివరాలు కనుక్కుంటోంది. ఈసారి ప్రాస్పెక్టస్ నేను కూడా చదువుతున్నాను.