ప్రభుత్వ పరిమాణమును, రైతుల మాటయు

దేశము సంపన్నము కావలెనన్న ప్రభుత్వము పెద్దదిగా నుండవలెనా, చిన్నదిగా నుండవలెనా యని విద్యావంతులు చిరకాలముగా వాదించుచున్నారు. ప్రభుత్వము విస్తరించినకొలది పన్నులు పెరిగి ప్రజల పూనిక సన్నగిల్లునని కొందరందురు. ప్రభుత్వము పూనుకొననియెడల పెద్దపనులు జరుగనే జరుగవని మరికొందరందురు. ఈ వాదము మనకేల యని రైతుసోదరులు తలంపరాదు. మన కాలువ నీరును, మన సంఘపు అప్పును ఈ ప్రశ్నతోడనే ముడివడి యున్నవి.

ప్రభుత్వమునకు పనియే లేదనువారు గోదావరి డెల్టాను చూడవలెను. కాటన్ దొర ఆధ్వర్యమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట, కరవుకాటకములకు లోనైన సీమను ధాన్యపు కొట్టుగా మార్చినది. ఏ ఒక్క గ్రామమైనను, ఏ ధనికుడైనను అట్టి పనిని చేయజాలడు. కావున అట్టి పనులకు పన్ను చెల్లించుట న్యాయమే.

అయితే ఆనకట్ట కట్టుట యొక యెత్తు. నీటిని కొసచేనికి చేర్చుట మరియొక యెత్తు. పూడిక ఎచ్చట చేరినదో, ఏ తూమునొద్ద నీరు వృథాయగుచున్నదో ఆయకట్టు రైతునకు తెలిసినట్లు దూరమున నున్న కచేరీకి తెలియదు. ఈ సంగతి గుర్తించియే నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1997లో చట్టము చేసి, రైతులెన్నుకొను నీటి వినియోగదారుల సంఘములను సుమారు 10,000 నెలకొల్పినది. తీరువా చెల్లించువానికి పనిని నిర్ణయించుటలోను, ఖర్చును విచారించుటలోను పాలుండవలెనని దాని తాత్పర్యము. ఎన్నికయు సమావేశమును లేనిచోట అట్టి సంఘము పేరునకు మాత్రమే మిగులును.

సహకారోద్యమ చరిత్రలో ఈ పాఠము మరింత స్పష్టము. మన దేశమున పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. గ్రామీణ పరపతిని పరిశీలించిన సంఘము 1954లో నివేదిక సమర్పించి, సహకార సంఘములలో ప్రభుత్వము వాటాదారు కావలెనని సూచించెను. ధనము వచ్చెను, దానివెంట అధికారమును వచ్చెను. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము క్రింద పాలకవర్గమును తొలగించి, వేరొకరిని నియమించు అధికారము రిజిస్ట్రారునకు కలిగెను. ఎన్నికైనవారికి బదులు నియమితులైనవారు సంఘమును నడుపుచుండగా, ఇది సర్కారు సంఘమేగాని నాది కాదని సభ్యుడు తలంచుట వింతయా? తనది కాని సంఘపు బాకీని తీర్చవలెనని తొందరపడువాడెవడు?

దీనికి ప్రతిగా ముల్కనూరును చూడుడు. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డిగారి పూనికతో నేర్పడిన అచ్చటి సహకార గ్రామీణ బ్యాంకు, సభ్యుల పొదుపును, అప్పులను, ఎరువులను, పంట అమ్మకమును ఒక్కచోట నడిపి కీర్తిగాంచినది. 1995లో ప్రభుత్వ వాటాధనము లేకుండ సభ్యులే నడుపుకొను సంఘములకు వేరొక చట్టము వచ్చినది. ఆ త్రోవనే 2000లో ముల్కనూరు ప్రాంతపు స్త్రీలు తమ పాలడెయిరీని నెలకొల్పుకొనిరి. చట్టము మేలు చేసినమాట నిజమే. కాని మొదటి సంఘము చట్టము మారుటకు ఎంతో ముందే వృద్ధిపొందినది. సభ్యుని శ్రద్ధయే మూలమనుట కిది నిదర్శనము.

ఎన్నికలనగా కక్షలనియు, పలుకుబడి గలవారే పదవులు దక్కించుకొందురనియు కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ అసత్యము కాదు. కాని దీనికి మందు ఎన్నికలను మానుట కాదు. రహస్య ఓటును, సకాలమున లెక్కల తనిఖీని, అందరియెదుట జమాఖర్చుల పఠనమును కాపాడుట. ప్రభుత్వము చేయవలసినది ఈ కాపుదలయే, పెత్తనము కాదు.

దేశముల విషయమునను ఇట్టి ఫలితమే కనబడుచున్నది. అసెమోగ్లూ మున్నగు ఆర్థికశాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ప్రజాస్వామ్యమునకు మారిన దేశములలో తలసరి ఉత్పత్తి, మారకయున్నచో ఉండదగిన దానికంటె సుమారు 25 సంవత్సరములలో 20 శాతము హెచ్చినది. పన్ను చెల్లించువానికి మాట యున్నచోట ధనము పాఠశాలలకును, వైద్యమునకును, ఫలమిచ్చు పనులకును చేరుట సులభమగును.

కావున ప్రభుత్వము ఎంత పెద్దదని మాత్రమే యడుగుట చాలదు. దానియందు మన మాట యెంతయని యడుగవలెను. సహకార సంఘములు స్థాపించుకొను స్వాతంత్ర్యము 2011 నాటి 97వ సవరణచే రాజ్యాంగమునందు ప్రాథమిక హక్కుగా చేరియున్నది. హక్కు కాగితముపై నున్నంతమాత్రమున చేను తడియదు. రాబోవు సర్వసభ్య సమావేశమునకు ప్రతి సభ్యుడును, ప్రతి సభ్యురాలును రావలెను. లెక్కలు చదివించుకొని, సందేహమున్న పద్దును నిర్భయముగ అడుగవలెను. తమ బాకీని గడువులోపల తీర్చవలెను. మనము రాని సభలో మన సొమ్మును గూర్చి ఇతరులు నిర్ణయింతురు. అప్పుడు ప్రభుత్వమును నిందించి ప్రయోజనము లేదు.