పోయిన భరణాలు, పోని వారసత్వం

1970 సెప్టెంబరు 5న రాజ్యసభలో ఒక రాజ్యాంగ సవరణ బిల్లు వీగిపోయింది. అనుకూలంగా 149 ఓట్లు, వ్యతిరేకంగా 75. మూడింట రెండు వంతుల ఆధిక్యానికి మరొక్క ఓటు చాలేది. మాజీ సంస్థానాధీశుల రాజభరణాలను, ప్రత్యేక హక్కులను రద్దు చేయడమే ఆ బిల్లు ఉద్దేశం. మర్నాడే రాష్ట్రపతి వి.వి. గిరి ఉత్తర్వుతో పాలకుల గుర్తింపు రద్దయింది. డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 1971 ఎన్నికల్లో ఇందిరాగాంధీ ఘనవిజయం సాధించాక, అదే ఏడాది డిసెంబరు 28న 26వ సవరణ అమల్లోకి వచ్చింది.

రద్దును వ్యతిరేకించినవారి వాదన తేలికైనది కాదు. విలీన సమయంలో పటేల్ ఇచ్చిన మాటను రాజ్యాంగమే 291, 362 అధికరణాల్లో పొందుపరచింది. మాట నమ్మి సింహాసనాలు వదులుకున్నవారి పట్ల గణతంత్రం మాట తప్పవచ్చునా? ఈ ప్రశ్నకు నైతిక బలం ఉంది. కానీ సమస్య ఖజానా లెక్కలది కాదు. నిజాముకు మొదట్లో ఏటా 50 లక్షల రూపాయలు దక్కగా, అతి చిన్న సంస్థానాధీశునికి ఏడాదికి 192 రూపాయలే అందేవి. ఆ 192 రూపాయలకూ ఆదాయపు పన్ను లేదు. మాజీ పాలకునిపై దావా వేయాలంటే సామాన్యుడు కేంద్రం అనుమతి పొందవలసి వచ్చేది. పుట్టుకను బట్టి పౌరులకు వేర్వేరు చట్టాలు ఉండడమే అసలు వికృతి. దానిని తొలగించడం గణతంత్రం తనకు తాను చెల్లించుకున్న బాకీ.

అయితే ఆ చట్టం వేరు వరకూ చేరలేదు. రద్దుకు తీర్పునిచ్చిన అదే 1971 ఎన్నికల్లో జైపూరు ఓటర్లు గాయత్రీదేవిని, గుణ ఓటర్లు మాధవరావు సింధియాను లోక్‌సభకు పంపారు. సుప్రీంకోర్టులో రాష్ట్రపతి ఉత్తర్వును సవాలు చేసిన సింధియా, 1980 నాటికి భరణాలు రద్దు చేసిన కాంగ్రెస్ పక్షానే గెలిచారు. రాజ్యం తీసేసిన గుర్తింపును పార్టీ టిక్కెట్టు తిరిగి ఇచ్చింది.

అంతకంటే పదునైన వైరుధ్యం మరొకటి ఉంది. వంశపారంపర్య హక్కును చట్టంతో తుడిచివేసిన ప్రధాని 1984 అక్టోబరు 31న హత్యకు గురైతే, ఆ రోజే ఆమె కుమారుడు ప్రధానిగా ప్రమాణం చేశారు. ఇది ఒక్క పార్టీ దోషం కాదు. వారసుని ముందే నిర్ణయించుకుని, తర్వాత కార్యవర్గం చేత చప్పట్లు కొట్టించే పద్ధతి జాతీయ, ప్రాంతీయ పక్షాల్లో అనేకింట కుదురుకుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ దీనికి మినహాయింపు కావు.

వారసుడు ఎన్నికల్లో నిలబడకూడదని ఏ చట్టమూ అనలేదు, అనకూడదు కూడా. ఓటరు కాదన్న రోజున అతడు దిగిపోక తప్పదు. రాజుకూ అతనికీ ఉన్న తేడా అదే. కానీ ఓటరు ముందుకు ఎవరు రావాలో నిర్ణయించేది పార్టీ. ఆ నిర్ణయం మూసిన తలుపుల వెనుక, ఒకే ఇంటి హాలులో జరిగినంత కాలం ఓటరు ఎంపిక సగమే. పార్టీ పదవులకు రహస్య బ్యాలెట్‌తో, స్వతంత్ర పర్యవేక్షణలో ఎన్నికలు తప్పనిసరి చేసే చట్టం రావాలి. 1971లో పార్లమెంటు రాజులకు వర్తింపజేసిన సూత్రాన్ని, నేటి సభ్యులు తమ పార్టీలకు వర్తింపజేసుకోగలరా అన్నదే అసలు పరీక్ష.