మామునూరు విమానం మనకెందుకు?

వరంగల్లు పక్కన మామునూరు విమానాశ్రయానికి మళ్లీ ప్రాణం పోస్తామంటున్నారు. 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి ఇచ్చింది. 'అది తెలంగాణ సంగతి, కోయంబత్తూరులో, మదురైలో ఉన్న మనకెందుకు?' అని మనవాళ్లు కొందరు అనొచ్చు. ఎందుకంటే, మా పెద్దలది ఓరుగల్లే అని చెప్పుకునే ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. అంతకన్నా దగ్గరిది పత్తి చుట్టరికం.

మామునూరు విమానాశ్రయాన్ని 1930లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో కట్టారు. 1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు వచ్చింది. ఇంచుమించు అదే రోజుల్లో మన కోయంబత్తూరుకు పైకారా కరెంటు అంది, స్పిన్నింగ్ మిల్లులు వరసబెట్టి లేచాయి. మన పీళమేడు విమానాశ్రయం మొదలైంది 1940లో. అంటే ఓరుగల్లు మనకన్నా పదేళ్లు ముందే ఉంది!

తర్వాత కథ తిరగబడింది. మామునూరు 1981 దాకా నడిచి మూతపడింది. ఆజంజాహి మిల్లూ మిగల్లేదు. పీళమేడును కూడా 1980లలో కొన్నేళ్లు మూశారు. కానీ అది రన్‌వే పెంచడానికి. అన్నాళ్లూ సూలూరు నుంచి విమానాలు నడిపి, 1987లో మళ్లీ తెరిచారు. ఇక్కడ మిల్లులున్నాయి, పంపుసెట్ల కార్ఖానాలున్నాయి. సూలూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు గారి లాంటివాళ్లు ఎప్పుడో 1930లలోనే మోటార్ల తయారీకి బాట వేశారు. ఊళ్లో పని ఉంటే ఎక్కేవాళ్లుంటారు, ఎక్కేవాళ్లుంటే విమానం ఆగదు.

మామునూరుకు ఇంకో అడ్డు కూడా పడింది. శంషాబాద్ కోసం 2004లో కేంద్రం జీఎంఆర్ సంస్థతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం రాకూడదు. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక బేగంపేటలోనే మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి, ఇక మామునూరు గోడు వినేదెవరు? ఆ సంస్థ అభ్యంతరం లేదన్నాకే 2025లో దారి తెరుచుకుంది.

అంత మాత్రాన చప్పట్లు కొట్టి ఊరుకుంటే సరిపోదు. రన్‌వే పెంచడానికి ఇంకో 250 ఎకరాలకు పైగా కావాలన్నారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు మంజూరు చేసింది. అయినా నక్కలపల్లి, గుంటూరుపల్లి వైపు రైతులు న్యాయమైన పరిహారం కోసం రోడ్డెక్కారు. వాళ్ల బాధ మనకు కొత్త కాదు. కోయంబత్తూరు విమానాశ్రయ విస్తరణకు భూసేకరణ పదేళ్లకు పైగా నానింది. ఆ పొలాలను అమ్ముకోనూ లేక, నమ్ముకోనూ లేక మనవాళ్లు ఎంత నలిగారో అందరికీ తెలుసు. ముందు రైతుకు సొమ్ము, ఆ తర్వాతే కంచె. ఈ మాట మనం గట్టిగా చెప్పాలి.

రెండో సంగతి. వరంగల్లు దగ్గర 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. కేరళ కిటెక్స్ వెళ్లింది, కొరియా యంగ్‌వన్ వెళ్లింది. తెలంగాణ పత్తితో నూలు వడికే మన మిల్లువాళ్లు అక్కడ ఎందుకు అడుగు పెట్టకూడదు? యంత్రం తెలిసిన చేతులు మనవి, పత్తి పండే నేల వాళ్లది, భాష ఇద్దరిదీ.

విమానాశ్రయం కడితే ఊరు బాగుపడుతుందనుకోవడం భ్రమ. ఊళ్లో మగ్గం, మిల్లు తిరిగితేనే రన్‌వే నిలుస్తుంది. మామునూరు ఒకసారి మూతపడి చెప్పింది ఇదే. రెండోసారి చెప్పించుకోవద్దు. ఓరుగల్లు నుంచి మన పెద్దలు కాలినడకన వచ్చారంటారు. మనం తిరిగి వెళ్లేటప్పుడు చుట్టపుచూపుగా కాదు, నాలుగు పనులు తీసుకుని వెళ్దాం.